ఉత్తరాల పెట్టె మీద నా పేరు

2021 అక్టోబరులో ఉద్యోగరీత్యా నేను జర్మనీకి వచ్చాను. స్టుట్‌గార్ట్ నుంచి రైలులో ముప్పావుగంట ప్రయాణిస్తే చేరే ఒక చిన్న పట్టణంలో నా కొలువు. చలి గురించీ భాష గురించీ ఒంటరితనం గురించీ బయల్దేరే ముందు చెప్పనివారు లేరు. అక్కడ మనిషి బతుకంతా వీధి గుమ్మం పక్కనుండే ఉత్తరాల పెట్టె మీద ఆధారపడి ఉంటుందని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆ తర్వాత నాకు జరిగిన మంచీ చెడూ చాలావరకు ఆ రేకు పెట్టెలోంచే వచ్చాయి.

మొదటి కొన్ని వారాలు సంస్థవారు చూపించిన గదిలో ఉండి ఇల్లు వెతుక్కున్నాను. అక్కడి ప్రకటనల్లో ‘చల్లని అద్దె’, ‘వెచ్చని అద్దె’ అని రెండు అంకెలుంటాయి. మొదటిది ఉత్త గోడలకు, రెండోది గదులు వేడిగా ఉంచడానికి, నీళ్లకు, మెట్ల మీది దీపాలకు అయ్యే ఖర్చును కలుపుకుని. చట్టం ప్రకారం అడ్వాన్సు మూడు నెలల చల్లని అద్దెకు మించకూడదు కాబట్టి మా యజమాని సరిగ్గా మూడు నెలలదీ తీసుకున్నారు. తాళం తీసి లోపలికి వెళితే, వంటగది ఉండవలసిన చోట గోడలోంచి పొడుచుకొచ్చిన రెండు నీటి గొట్టాలు తప్ప మరేమీ లేదు. పైకప్పు నుంచి బల్బులు లేని తీగలు వేలాడుతున్నాయి. దొంగలు పడ్డారేమోననే అనుకున్నాను. ఖాళీ చేసేవారు పొయ్యి, సింకు, అలమరలతో సహా తమ వంటగదిని విప్పుకుని తీసుకుపోవడం అక్కడ మామూలేనని మర్నాడు ఆఫీసులో చెప్పారు. ఆ రాత్రి మాత్రం ఫోను టార్చి వెలుగులో సూట్‌కేసు మీద కూర్చుని, ఏం చూసి వచ్చానా అని చాలాసేపు ఆలోచించాను.

ఇల్లు మారిన రెండు వారాల్లోగా పురపాలక కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువీకరణ కావాలి. ఆ నమోదు లేనిదే తక్కిన పనులేవీ ముందుకు కదలవు. అక్కడి ఉద్యోగిని నా మతమేమిటని అడిగినప్పుడు, కుతూహలం కొద్దీ అడుగుతోందనుకుని వివరంగా చెప్పబోయాను. ఆ ప్రశ్న ఉన్నది పన్ను కోసమట! చర్చిలో సభ్యులుగా నమోదైనవారి ఆదాయపు పన్ను మీద, ఈ బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మరో 8 శాతం చర్చి పన్ను పడుతుంది. నా గడిలో ఒక అడ్డగీత గీసి ఆమె ముందుకు సాగిపోయింది. ఆ పని అంత సులువుగా అయిపోయిందన్న ధీమాతో ఇంటికొచ్చి, ఉత్తరాల పెట్టె మీద నా పేరు రాసి అంటించాను. తప్పు జరిగింది అక్కడే.

నేను రాసింది అందరూ నన్ను పిలిచే పేరు. ఇంటిపేరుతో నన్ను పిలిచినవారు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ లేరు. హాజరుపట్టీలోనైనా అది ఒక పొడి అక్షరమే. జర్మనీ తపాలాకు మాత్రం ఇంటిపేరే మనిషి. నా పదకొండంకెల పన్ను గుర్తింపు సంఖ్యతో ప్రభుత్వం పంపిన ఉత్తరం నా ఇంటిపేరుతో వచ్చి, ఆ పేరుగల పెట్టె కనబడక, అలాంటివారు ఈ చిరునామాలో లేరన్న ముద్రతో వెనక్కి వెళ్లిపోయింది. నేనేమో పన్ను శాఖవారు ఆలస్యం చేస్తున్నారనుకుని నిశ్చింతగా ఉన్నాను. నవంబరు చివర వచ్చిన జీతం చూసి గుండె గుభేలుమంది. గుర్తింపు సంఖ్య ఇవ్వనివారికి వర్తించే ఆరో తరగతి పన్ను, అంటే అక్కడున్న తరగతులన్నింటిలోకీ ఎక్కువ కోత, నాకు పడింది. జీతాల విభాగంలోని పెద్దావిడ నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ‘మీ పెట్టె మీద ఏం రాసి ఉంది?’ అని మొదటి ప్రశ్నగా అడిగినప్పుడు నాకు కోపం కూడా వచ్చింది. ఆ సాయంత్రమే అట్టముక్క మీద ఇంటిపేరు పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. సంఖ్య మళ్లీ పంపించమని అర్జీ పెట్టుకుంటే వచ్చింది, ఎక్కువగా కోసిన డబ్బు జనవరి జీతంలో తిరిగి జమ అయింది. ఆ రెండు నెలలూ అద్దె ఎలా కట్టానన్నది వేరే కథ.

పేరు సరిచేసుకున్నాక ఉత్తరాలు వరద కట్టాయి. ప్రకటనలూ సర్కారు నోటీసులూ ఒకే తెల్ల కవర్లలో వచ్చేవి, నాకు భాష రాదు. రేడియో, టీవీ ప్రసారాల కోసం ప్రతి ఇంటి నుంచీ వసూలు చేసే రుసుము గురించి వచ్చిన మొదటి రెండు ఉత్తరాలను ప్రకటనలనుకుని పారేశాను. నాకు టీవీ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టవలసిందేనని, మూడు నెలలకు 55.08 యూరోలతో పాటు ఆలస్య రుసుము 8 యూరోలు కూడా చెల్లించాలని మూడో ఉత్తరం చెప్పింది. అప్పటినుంచి ప్రతి కాగితాన్నీ ఫోను కెమెరాతో అనువదించుకుని, తేదీ వేసి, ఫైల్లో పెట్టే అలవాటు పట్టుకుంది. ఇప్పుడు మా ఇంట్లో అలాంటి లావుపాటి ఫైళ్లు ఆరున్నాయి. ఎవరైనా కొత్తగా వచ్చి ఏం కొనుక్కోవాలని అడిగితే, చలికోటు కంటే ముందు ఫైలూ పంచింగ్ మిషనూ అనే చెబుతాను.

ఆ మొదటి శీతకాలం గురించి ఎక్కువ రాయబుద్ధి కాదు. డిసెంబరులో ఎనిమిది దాటాక తెల్లవారి, నాలుగున్నరకే చీకటి పడేది. ఆఫీసులో కూర్చున్నవారికి ఎండ అన్నది శని, ఆదివారాల వస్తువు. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, గోడకు మేకు కొట్టకూడదు, ఖాళీ సీసాలు వీధి చివరి గాజు డబ్బాలో వేయడం కూడా తప్పే. నిశ్శబ్దం ఎంత ఉండేదంటే, పై అంతస్తులో ఎవరైనా దగ్గితే తోడు దొరికినట్టుండేది. చలికాలంలో ఇంటికీ నాకూ నాలుగున్నర గంటల తేడా. నేను పని ముగించి ఫోను చేసేసరికి అమ్మ నిద్రకళ్లతో ఉండేది. ‘తిన్నావా, పడుకో’ అన్న రెండు మాటలతో ఎన్నో రోజులు ముగిసిపోయాయి.

అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ చలిలోనే జ్వరంతో ఆఫీసుకు వెళితే మా మేనేజరు లేచి నిలబడి తలుపు చూపించాడు. తరిమేస్తున్నాడనుకుని భయపడ్డాను. జబ్బుతో పనిలోకి రావడం తోటివారి పట్ల అమర్యాద అని, డాక్టరు కాగితం ఉంటే ఆరు వారాల వరకు యజమాని పూర్తి జీతం ఇచ్చితీరాలని ఆయన చెప్పాడు. సాయంత్రం అయిదు తర్వాత ఫోను చేయడానికి అక్కడ అధికారులు సంకోచిస్తారు. ఏడాదికి 30 రోజుల సెలవు వాడుకోకపోతే మందలిస్తారు. అంతకు ముందు తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసినా, పని నాది గాని ఆయువు నాది కాదన్నట్టే గడిపాను. ఆ తేడా తెలిసింది ఆ జ్వరం రోజునే.

2022 మేలో మావారు వచ్చారు. నాది ఉన్నత విద్యార్హతలున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి, అంటే బ్లూ కార్డు, కావడం వల్ల, భాగస్వామిగా వచ్చే ఆయన ముందుగా జర్మన్ పరీక్ష రాయనవసరం లేకపోయింది. వచ్చిన రోజు నుంచే ఉద్యోగం చేసే హక్కు కూడా ఉంది. హక్కు ఉంది గాని ఉద్యోగమేది? పదేళ్లు కళాశాలలో లెక్కలు చెప్పిన మనిషికి అక్కడ తరగతి గదిలోకి అడుగుపెట్టాలంటే భాష కావాలి, పట్టాలకు గుర్తింపు కావాలి. వలస వచ్చినవారు అక్కడి సమాజంలో కలిసిపోవడానికి పెట్టిన, ఆరు వందల గంటల భాషాబోధన ఉండే సమైక్య కోర్సులో చేరారు. పొద్దున తరగతి, మధ్యాహ్నం వంట, సాయంత్రం నా కోసం ఎదురుచూపు. బంధువులు ఫోనులో ‘అల్లుడుగారు ఏం చేస్తున్నారు?’ అని అడిగిన ప్రతిసారీ నేను మాట మార్చేదాన్ని. ఒకరోజు ఆయనే ఫోను అందుకుని, ‘ఆవిడ సంపాదిస్తోంది, నేను చదువుకుంటున్నానండీ’ అన్నారు. ఆ తర్వాత వారు అడగడం మానేశారు. మా ఇద్దరి మధ్య మాత్రం ఆ సంవత్సరం చాలా పొడిగా గడిచింది. చిన్న విషయాలకు, పెరుగు మూత పెట్టలేదన్నంత చిన్న విషయాలకు, రోజుల తరబడి మాటలు లేకుండా ఉన్నాం.

ఆ ఎండిన కాలంలో కాస్త తడి మెట్ల మీద దొరికింది. ఈ ప్రాంతంలో కేర్‌వొహె అనే ఆచారం ఉంది. ఎవరి తలుపుకు ఆ పేరు రాసిన చిన్న పలక తగిలించి ఉంటే, ఆ వారం ఉమ్మడి మెట్లు, నడవ, ఇంటి ముందరి బాట వారే ఊడ్చి తుడవాలి. పని అయ్యాక పలకను పక్కింటి తలుపుకు తగిలిస్తారు. తొలి ఏడాది నేను హడావుడిగా తుడిచి వెళ్లిపోయేదాన్ని. మా కింది ఇంటి పెద్దావిడ మూడో మెట్టు మూలలో వేలు పెట్టి, ఆ వేలిని నాకు చూపించి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ అవమానం నెల రోజులు మిగిలింది. మావారు వచ్చాక ఆ పని ఆయన చేతికి వెళ్లింది. ఆయన మూలలన్నీ గుడ్డతో తీసి తుడుస్తూ, తరగతిలో నేర్చిన వాక్యాలను ఆవిడ మీద ప్రయోగించేవారు. ఆవిడ మాట్లాడేది పుస్తకాల జర్మన్ కాదు, ష్వేబిష్ మాండలికం. ప్రతి నామవాచకం చివరా ‘లె’ చేర్చి ఇంటిని ‘హోయిస్‌లె’ అంటుంది. అర్థం కాకపోతే ఆయన మళ్లీ అడిగేవారు, ఆవిడ గొంతు పెంచి మళ్లీ చెప్పేది.

జర్మన్‌లో మనకు మీరు, నువ్వు ఉన్నట్టే ‘జీ’, ‘దూ’ ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో తెలుగువారికి ఎవరూ పాఠం చెప్పనవసరం లేదు. ఎవరిని ఎప్పుడు ఏమనాలో, తొందరపడి నువ్వంటే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో మన నాలుకకే తెలుసు. అక్కడి తేడా ఏమిటంటే, మీరు నుంచి నువ్వుకు దిగడం ఒక చిన్న క్రతువు. పెద్దవారే ముందుగా ప్రతిపాదించాలి, అది జరిగాక ఇక వెనక్కి వెళ్లడం ఉండదు. మెట్ల మీద ఏడెనిమిది నెలల సంభాషణ తర్వాత ఆవిడ మావారికి చెయ్యి చాచి, తన మొదటి పేరు చెప్పి, ఇకనుంచి ‘దూ’ అనమంది. ఆ రోజు ఆయన ముఖంలో కనిపించిన వెలుగు, తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా నాకు కనబడలేదు. సంపాదిస్తున్న నేను మాత్రం ఆవిడకు మరో ఏడాది ‘మీరు’గానే ఉండిపోయాను.

ఆఫీసులో అంతా ఇంగ్లిష్ కావడంతో ఏడాదైనా నా భాష దుకాణం దాటలేదు. అయితే బ్లూ కార్డు ఉన్నవారు బీ1, అంటే మధ్యస్థ స్థాయి జర్మన్ చూపిస్తే, 21 నెలల పింఛను చందాతో శాశ్వత నివాసానికి అర్హులవుతారు. ప్రాథమిక స్థాయి భాషతో అయితే అప్పట్లో 33 నెలలు ఆగాలి. ఆ పన్నెండు నెలల తేడా కోసమే పరీక్షకు కూర్చున్నానని ఒప్పుకుంటాను. గోతె సంస్థ నిర్వహించే బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలుంటాయి. ఒక్కో దానిలో నూటికి అరవై రావాలి. 2022 నవంబరులో మూడు భాగాలు గట్టెక్కాయి, వినడంలో 57 వచ్చింది. ఆ భాగంలో ముప్ఫై ప్రశ్నలు. పదిహేడు సరైతే 57, పద్ధెనిమిది సరైతే 60. అంటే ఒక్క ప్రశ్న. బస్‌స్టాపులో ఇద్దరు మాట్లాడుకునే ముక్కను ఒక్కసారే వినిపిస్తారు, అందులో ఒక ‘లేదు’ నా చెవిలో పడకుండా పోయింది. తప్పిన భాగం ఒక్కటే మళ్లీ రాయవచ్చు. మావారు నాకు గురువయ్యారు. వంట చేస్తున్నంతసేపూ జర్మన్‌లోనే మాట్లాడాలని షరతు పెట్టారు. మూడు నెలలపాటు నేను ఉప్పు అడగడానికి కూడా వ్యాకరణం వెతుక్కున్నాను. మార్చిలో నెగ్గాను. ఈ పరీక్ష వల్ల మా ఇంట్లో మాటలు తిరిగి మొదలయ్యాయన్న సంగతి ఆ ధ్రువపత్రం మీద రాసి ఉండదు.

2023 జులైలో శాశ్వత నివాసానికి దరఖాస్తు చేశాను. జీతం కాగితాలు, పింఛను చందా వివరాలు, ఇంటి ఒప్పందం, భాషా ధ్రువపత్రం, ఆ దేశపు చట్టాలూ చరిత్రా మీద 33 ప్రశ్నల పరీక్ష ఫలితం అన్నీ జత చేశాను. అందినట్టు ఒక ఉత్తరం వచ్చింది, ఆ తర్వాత మౌనం. ఫోను చేస్తే ఎవరూ ఎత్తరు, ఎత్తినా వరుసలో ఉన్నారంటారు. అక్టోబరులో నా ఉద్యోగం శాశ్వతమైంది గాని, పాత ఒప్పందాన్ని బట్టి ఇచ్చిన బ్లూ కార్డు 2024 జనవరిలో ముగిసిపోతుంది. మావారి అనుమతి కూడా నాదానితోనే ముడిపడి ఉంది. గడువుకు ముందే దరఖాస్తు చేశాం కాబట్టి హక్కులు చట్టప్రకారం కొనసాగుతాయి, కాని అలా కొనసాగుతున్నాయని చెప్పే కాగితం చేతిలో లేకుండా దేశం దాటితే తిరిగి రావడం కష్టం. ఆ కాగితం పేరు ఫిక్‌త్సియోన్స్‌బెషైనిగుంగ్. మాటకు మాట చెప్పుకుంటే కల్పనా ధ్రువపత్రం. మీకు అనుమతి ఉన్నట్టుగా భావించడమైనది అని ప్రభుత్వం సంతకం చేసి ఇచ్చే కల్పన.

కార్డు గడువు తీరిన నాలుగో రోజు తెల్లవారుజామున తమ్ముడు ఫోను చేశాడు. నాన్నకు బైపాస్ చేయాలన్నారు. ‘రావద్దులే అక్కా, మేమున్నాం’ అన్నాడు. ఆ మాట అనడంలోనే రమ్మన్న పిలుపు వినబడింది. విమానం టిక్కెట్లు చూస్తూ, తపాలా మనిషి వచ్చే పదకొండు గంటల కోసం కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. కార్యాలయానికి స్వయంగా వెళితే అపాయింట్‌మెంటు లేనిదే లోపలికి పంపలేమన్నారు. నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే, కింది ఇంటి పెద్దావిడ మావారిని అడిగి విషయం తెలుసుకుని, తన చేతిరాతతో ఆ కార్యాలయానికి ఒక ఉత్తరం రాసి, తానే వెళ్లి వారి పెట్టెలో వేసి వచ్చింది. దాని వల్లనో మామూలుగానో చెప్పలేను, పదకొండో రోజున మడతపెట్టిన ఆ కాగితాలు రెండూ మా పెట్టెలో ఉన్నాయి. వాటిలో మూడు గడులుంటాయి. మూడో గడిలో, అంటే నివాస చట్టం సెక్షన్ 81లోని నాలుగో ఉపవిభాగం దగ్గర గుర్తు ఉంటేనే తిరిగి రావడానికి పనికొస్తుంది. గుర్తు మూడో గడిలోనే ఉందని ముగ్గురం వేలు పెట్టి చూసుకున్నాం.

నేను వెళ్లేసరికి నాన్నకు ఆపరేషన్ అయిపోయి, ఇంటికి కూడా వచ్చేశారు. మంచం మీది నుంచి నన్ను చూసి, ‘ఇప్పుడెందుకొచ్చావమ్మా, లీవు దండగ’ అన్నారు. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పది రోజుల్లో రెండుసార్లు ‘మా ఇంట్లో అయితే’ అని మొదలుపెట్టి, జర్మనీలోని అద్దె ఇంటి సంగతి చెప్పాను. రెండోసారి అమ్మ కూరగాయలు తరగడం ఆపి నా వైపు చూసింది, మళ్లీ తరగడం మొదలుపెట్టింది. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయపు కౌంటరులో ఆ మడత కాగితాన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. గడువు తీరిన కార్డుతో ఎక్కించలేమన్నారు. పైఅధికారి వచ్చి, ఎవరికో ఫోను చేసి, నలభై నిమిషాల తర్వాత పంపించారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో సరిహద్దు పోలీసు దాన్ని పది సెకన్లు చూసి ముద్ర వేశాడు.

2024 జూన్‌లో శాశ్వత నివాస కార్డు వచ్చింది. శాశ్వతమన్నది అనుమతికే గాని కార్డుకు కాదు. నా పాస్‌పోర్టు 2027లో ముగుస్తుంది కాబట్టి కార్డు మీదా అదే తేదీ ఉంది. పైగా ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే ఆ అనుమతి సాధారణంగా రద్దవుతుంది. అంటే నాన్నకు మళ్లీ ఏదైనా అయితే నేను ఎన్నాళ్లు ఉండగలనన్నదానికి ఇప్పుడొక అంకె ఉంది. అదే నెల 27 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఎనిమిదేళ్లకు బదులు ఐదేళ్లకే పౌరసత్వం అడగవచ్చు. పాత పౌరసత్వం వదులుకోనవసరం లేదని కూడా జర్మనీ అంటోంది. భారతదేశం మాత్రం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. జర్మన్ పాస్‌పోర్టు తీసుకున్న రోజున నీలం పాస్‌పోర్టు అప్పగించి, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డుతో సరిపెట్టుకోవాలి. 2026 అక్టోబరుకు నాకు ఐదేళ్లు నిండుతాయి.

మావారికి ఇప్పుడు కారు విడిభాగాల కర్మాగారంలో నాణ్యతా విభాగంలో ఉద్యోగం. అంతకు ముందు ఎనిమిది నెలలు గిడ్డంగిలో పార్శిళ్లు మోశారు. పౌరసత్వం తీసుకుందామని ఆయన అంటారు. నడుము వంచి సంపాదించుకున్న చోటు కాబట్టి తనకు అడిగే హక్కుందంటారు. నాకు మాత్రం నాన్న మాట వినబడుతుంది, అమ్మ ఆపిన కత్తి కనబడుతుంది. ఖాళీ దరఖాస్తు ఏడో ఫైల్లో ఉంది. ఆ ఫైలు వెన్ను మీద ఇంకా ఏమీ రాయలేదు. కిందటి నెల ఇంటి యజమాని ఉత్తరాల పెట్టెల మీది అట్టముక్కలు తీయించి లోహపు పలకలు బిగించారు. ఏ పేరు చెక్కించమంటారని అడిగితే, ఇద్దరి ఇంటిపేర్లూ, వాటి కింద అందరూ మమ్మల్ని పిలిచే పేర్లూ కూడా పట్టేలా అక్షరాలు చిన్నవి చేయమన్నాను.